అక్క ఇల్లు, తమ్ముడి చదువు: భండారు అచ్చమాంబ బాల్యం గురించి మళ్ళీ ఒకసారి

నా పిహెచ్‌డి సిద్ధాంత వ్యాసంలో ఒక వాక్యం వుంది. భండారు అచ్చమాంబ తన తమ్ముడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు ప్రోత్సాహంతో చదువు నేర్చుకుని రచయిత్రిగా ఎదిగింది అని. అది నేను కనిపెట్టిన మాట కాదు. నాకు ముందు రాసినవాళ్ళు అలాగే రాశారు, నేనూ రాశాను. వైవాలో ఆ వాక్యం దగ్గర ఎవరూ ఆగలేదు. అబద్ధం లేని వాక్యం, ఎందుకు ఆగుతారు? తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని ఆమె అక్షరాలు నేర్చుకున్న మాట నిజం. ఆమె రచనలకి ఆయన అండగా వున్న మాటా నిజమే.

అయినా ఆ వాక్యం ఇప్పుడు నాకు మింగుడు పడటం లేదు. డాక్టరేట్ పట్టా చేతికొచ్చిన రోజు మా అమ్మ అన్న ఒక మాట దానికి కారణం. అప్పటి నుంచి అచ్చమాంబ బాల్యాన్ని మళ్ళీ మొదటి నుంచి చదువుకుంటూ వచ్చాను. ఈ వ్యాసం నా తప్పు నేను దిద్దుకోవడం కోసం రాస్తున్నది.

అమ్మ మాట ముందు చెప్తాను. మేం కోఠి దగ్గర ఇసామియా బజార్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో వుండేవాళ్ళం. నాన్న ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. మా మేనమామ ఊరి నుంచి వచ్చి మా ఇంట్లోనే వుండి ఇంటరూ, డిగ్రీ చదివాడు. తర్వాత టీచరయ్యాడు. నన్ను పై చదువులకి పంపమని నాన్నతో వాదించింది ఆయనే, యూనివర్సిటీ అప్లికేషన్ ఫారం తెచ్చి నింపించింది ఆయనే. "పిల్ల సదువంత మేనమామ పుణ్యం" అని మా చుట్టాలందరూ అంటారు. పట్టా వచ్చిన రోజు ఇంటికి వచ్చినవాళ్ళు కూడా అదే అన్నారు. అందరూ వెళ్ళాక అమ్మ గిన్నెలు సర్దుతూ, "వాడు సదివింది నా ఇంట్లనే గద బిడ్డా. ఐదేండ్లు పొద్దుగాల నాలుగింటికి లేసి వాని క్యారేజీ నేనే గట్టిన. ఆ మాట ఎవ్వరనరు" అంది. కోపంగా అనలేదు. లెక్క సరిచేసినట్టు అంది.

అమ్మ చదువు ఐదో తరగతితో ఆగింది. పదిహేనేళ్ళకి పెళ్ళి. మామ రాత్రిపూట గట్టిగా చదువుతుంటే పొయ్యి దగ్గర నుంచి వింటూ వుండేది. మా ఇంట్లో పేపరు కొనే అలవాటు లేదు. కిరాణా పొట్లాలు విప్పి, ఆ కాగితాలు అరచేత్తో సాపు చేసి చదివేది. సగం వార్తలు, సగం కథలు. మొదలు తెలియదు, చివర తెలియదు. "మిగిలింది నేనే అనుకుంట" అనేది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా సిద్ధాంత వ్యాసంలో అచ్చమాంబకి నేను చేసింది, మా చుట్టాలు మా అమ్మకి చేసిందీ ఒకటే కదా అనిపించింది.

ఇప్పుడు అచ్చమాంబ జీవితంలోని సంగతులు వరసగా పెట్టుకుని చూద్దాం. ఆమె 1874లో నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో పుట్టింది. అప్పట్లో అది కృష్ణా జిల్లా, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. తమ్ముడు లక్ష్మణరావు 1877లో పుట్టాడు. ఆమెకి ఆరేళ్ళు, అతనికి మూడేళ్ళు వున్నప్పుడు తండ్రి వెంకటప్పయ్య చనిపోయాడు. తల్లి గంగమ్మకి సవతి కొడుకు శంకరరావు ఆసరా అయ్యాడు. అచ్చమాంబకి పదేళ్ళకే భండారు మాధవరావుతో పెళ్ళి చేశారు. అప్పటికి ఆమె బడి మొహం చూడలేదు. మాధవరావు ఉద్యోగం మధ్యపరగణాల్లో, నాగపూర్ వైపు. కాపురం అక్కడే. తల్లీ, తమ్ముడూ కూడా ఆమె ఇంటికే చేరారు. లక్ష్మణరావు చదువు నాగపూర్‌లో సాగింది. ఆయనకి మరాఠీ మాతృభాషంత దగ్గరైందీ అక్కడే, చరిత్ర పరిశోధన మీద మనసు పడిందీ అక్కడే.

ఈ సంగతులన్నీ మనకి తెలిసినవే. వీటిని ఏ వరసలో చెప్తామన్నదే ప్రశ్న. "తమ్ముడు అక్కకి చదువు చెప్పాడు" అని మొదలుపెడితే కథ తమ్ముడి ఔదార్యంతో మొదలవుతుంది. "తండ్రి పోయిన పిల్లవాడికి అక్క అత్తిల్లు ఆశ్రయమైంది" అని మొదలుపెడితే వేరే కథ కనిపిస్తుంది. పదేళ్ళ పిల్ల పెళ్ళి ఆమె బాల్యాన్ని తీసేసుకుంది. అదే పెళ్ళి వల్ల ఏర్పడ్డ ఇంట్లో తమ్ముడికి పుస్తకాలూ, బడీ, దీపమూ దొరికాయి. ఆ దీపం వెలుగులోనే ఆమె కూడా చదువుకుంది. ఆ పెళ్ళి తమ్ముడి చదువు కోసమే చేశారని నేననడం లేదు. లక్ష్మణరావు గొప్పదనాన్ని తగ్గించాలనీ లేదు. అక్కకి అక్షరాలు చూపించిన తమ్ముళ్ళు ఆ కాలంలో ఎంతమంది వున్నారు? అయితే ఇవ్వడం రెండువైపులా జరిగింది. సాహిత్య చరిత్ర ఒకవైపు ఇచ్చిందాన్నే లెక్కలో రాసుకుంది.

కోఠిలో వున్నవాళ్ళకి ఈ లెక్క ఇంకా బాగా అర్థమవుతుంది. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వుంది. నిజాం రాజ్యంలో కచేరీల్లోనూ, పై చదువుల్లోనూ తెలుగుకి చోటు లేని రోజుల్లో, 1901 సెప్టెంబరు 1న, రావిచెట్టు రంగారావు ఇంట్లో ఈ గ్రంథాలయం మొదలైంది. మొదలుపెట్టిన వాళ్ళలో ఆయనతో పాటు మునగాల రాజా నాయని వెంకట రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు ముఖ్యులు. తెలంగాణలో తెలుగు చదువుకి అది ఒక మలుపు అని మనందరం ఒప్పుకుంటాం. అప్పటికి లక్ష్మణరావుకి ఇరవై నాలుగేళ్ళు. సరిగ్గా అదే సంవత్సరం, అంటే 1901లో, అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల' మొదటి భాగం వచ్చింది. ఆమెకి ఇరవై ఏడేళ్ళు. నాగపూర్‌లో ఒకే ఇంట్లో, ఒకే పుస్తకం ముందు కూర్చున్న ఇద్దరు పిల్లలు ఒకే ఏడాది తెలుగుకి చెరొకటి ఇచ్చారు. ఒకరిది గ్రంథాలయం, ఒకరిది గ్రంథం. గ్రంథాలయం శతాబ్ది దాటి నిలిచింది. గ్రంథం మాత్రం చాలాకాలం పరిశోధకులు వెతికితే తప్ప దొరకని పుస్తకమైంది.

నేను అచ్చమాంబని మొదట చదివింది తెలుగులో కాదని చెప్పడానికి సిగ్గుగానే వుంది. సూసీ తారు, కె.లలిత సంపాదకత్వంలో 1991లో వచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటంలో 'ఖన' గురించిన ఆమె రచన అనువాదం వుంది. ఎమ్మేలో వుండగా అది ఇంగ్లీషులో చదివాను. తర్వాత బ్యాంక్ స్ట్రీట్ విశాలాంధ్రలోనూ, కోఠి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పల్లోనూ అడిగి అడిగి తిరిగాను. అచ్చమాంబ పేరు చెప్తే "ఎవరు, లక్ష్మణరావు గారి అక్కగారా?" అని ఒక పెద్దాయన అడిగాడు. ఆయన దోషం లేదు. మనం ఆమెని పరిచయం చేసిన తీరే అది.

ఇక రచనల్లోకి వస్తాను. బాల్యం రచనని తీర్చిదిద్దింది అనడం చాలా తేలిక. తండ్రి లేడు కాబట్టి ఇలా రాసింది, పిల్లలు పోయారు కాబట్టి అలా రాసింది అని దారం కట్టేస్తాం. అచ్చమాంబకి పుట్టిన ఇద్దరు పిల్లలూ దక్కలేదు. ఆ తర్వాత ఆమె అనాథ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చదివించింది. ఆ దుఃఖాన్ని ఆమె రచనలకి తాళంచెవిగా వాడుకోవడం నాకిష్టం లేదు. నాకు ఆసక్తి కలిగించేది వేరే. అక్షరం ఆమె దగ్గరికి ఏ గుమ్మంలోంచి వచ్చింది? ఇంకొకరి కోసం తెరిచిన పుస్తకంలోంచి వచ్చింది. ఆమె కోసం పలక కొన్నవాళ్ళు లేరు, పాఠం అప్పజెప్పమన్న పంతులు లేడు, పరీక్ష లేదు. పక్కన కూర్చుని నేర్చుకున్న చదువు అది. ఆ పక్కన కూర్చోవడం ఆమె రచనా పద్ధతిలో ఎక్కడెక్కడ కనిపిస్తుందో చూడాలి.

మొదట 'స్త్రీ విద్య' చూద్దాం. 1902లో హిందూసుందరిలో వచ్చిన కథ. భార్యాభర్తల సంభాషణే కథంతా. భర్త జైలుకి వెళ్ళబోతున్నాడు. ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడవాలంటే ఆమెకి చదవడం, రాయడం రావాలి. నేర్చుకోమని అతను, ఎందుకని ఆమె. ఆడవాళ్ళకి చదువెందుకు అని లోకం అనే మాటలన్నీ ఆమె నోటి వెంట వస్తాయి. ఒక్కొక్కదానికి అతను జవాబు చెప్తాడు.

దీని పక్కన గురజాడ 'దిద్దుబాటు' పెట్టి చూడండి. 1910లో వచ్చిన ఆ కథని చాలాకాలం తొలి తెలుగు కథ అన్నాం. అచ్చమాంబ కథలు అంతకు ముందువి అని తెలిశాక ఆ వాదన ఇంకా నడుస్తూనే వుంది. ఎవరు ముందు అన్న పందెం కన్నా నాకు ఇంకో పోలిక ముఖ్యం. రెండు కథల్లోనూ భర్తా, భార్యా, ఒక ఉత్తరం వున్నాయి. 'దిద్దుబాటు'లో కమలినికి చదువు వచ్చేసింది. ఆమె రాసిన ఉత్తరం దారి తప్పిన భర్తని దిద్దుతుంది. ఆ చదువు ఎలా వచ్చింది, ఏ వయసులో, ఏ పని మధ్యలో, ఎవరు ఏమంటుంటే వచ్చింది అన్నది ఆ కథకి అక్కర్లేదు. చదువుకున్న భార్య అన్నది అక్కడ సిద్ధంగా వున్న వస్తువు. అచ్చమాంబ కథ ఉత్తరం కంటే ముందే ఆగుతుంది. అసలు ఆ స్త్రీ ఉత్తరం రాయగలదా, రాయాలని అనుకుంటుందా, అనుకోవడానికి ఏమేం దాటాలి అన్నదే కథ. చదువు రాకముందు మనిషి ఎలా వుంటుందో తెలిసినవాళ్ళే కథని ఆ గుమ్మం దగ్గర నిలబెట్టగలరు. పదేళ్ళు దాటేవరకు అక్షరం తెలియని పిల్ల రాసిన కథ అది. ఆ భార్య మాటల్లో నాకు వినిపించేది పాతకాలపు మూర్ఖత్వం కాదు. ఒకప్పటి తన గొంతునే అచ్చమాంబ ఆ పాత్రకి ఇచ్చిందనిపిస్తుంది. అందుకే ఆ అభ్యంతరాలని ఎగతాళి చెయ్యలేదు, ఒక్కొక్కటీ పూర్తిగా పలకనిచ్చింది.

రెండోది, సంభాషణ. ఆమె కథలు చాలావాటిలో సంఘటనల కంటే మాటలే ఎక్కువ. 'ధనత్రయోదశి' (హిందూసుందరి, 1902 నవంబరు)లో దీపావళి రోజుల్లో పేద ఇంట్లో కష్టం. భర్త యజమాని డబ్బుకి ఆశపడితే భార్య విజయలక్ష్మి మాటలతోనే అతన్ని నిలబెడుతుంది. 'దంపతుల ప్రథమ కలహము' పేరులోనే వాదన వుంది. ఆ కాలపు నీతికథల పద్ధతి అదే అని కొట్టిపారెయ్యవచ్చు. కొంత నిజం కూడా. కానీ బడిలో చదువుకున్నవాళ్ళకి చదువు అంటే పాఠం వినడం. ఇంట్లో, పనుల మధ్య, ఇంకొకరి పక్కన చదువుకున్నవాళ్ళకి చదువు అంటే అడగడం. ఇదేమిటి, ఇదెందుకు, ఇలా ఎందుకు రాశారు అని అడిగితేనే వస్తుంది. అచ్చమాంబకి తెలిసిన బడి అదొక్కటే. ఆమె కథ ఆ బడి ఆకారంలోనే వుంది. ఇద్దరు మనుషులు, ఒక ఇల్లు, ఒక ప్రశ్న.

మూడోది 'అబలా సచ్చరిత్ర రత్నమాల'. దేశంలోని రకరకాల ప్రాంతాల స్త్రీల జీవిత చరిత్రలు. చారిత్రక స్త్రీలతో మొదటి భాగం తెచ్చి, తర్వాతి భాగాల్లో పురాణ స్త్రీల గురించీ, విదేశీ స్త్రీల గురించీ రాయాలనుకుంది. స్త్రీలు అబలలూ, అవివేకులూ అన్న మాట తప్పని చూపించడం, చదువు స్త్రీలని చెడగొడుతుందన్న వాదాన్ని తిప్పికొట్టడం ఆమె ఉద్దేశాలు. పుస్తకం పేరులోని 'అబల' అన్న మాటని పుస్తకంలోని ప్రతి జీవితం కాదంటుంది. ఇక్కడ నాగపూర్ పని చేసింది. తెలుగునాట కాపురం చేసివుంటే ఆమెకి తెలుగు పుస్తకాలే దొరికేవేమో. పెళ్ళి ఆమెని భాష కాని భాష వున్న చోటికి తీసుకుపోయింది. అక్కడ హిందీ, మరాఠీ నేర్చుకుంది, తర్వాత బెంగాలీ, గుజరాతీ కూడా. మరాఠీలో అప్పటికే 1882లో తారాబాయి షిండే 'స్త్రీ పురుష్ తులనా', అదే ఏడాది పండిత రమాబాయి 'స్త్రీధర్మనీతి' వచ్చివున్నాయి. స్త్రీలు స్త్రీల గురించి రాస్తున్న గాలి అది. పుట్టింటి భాషకి దూరంగా పెరగడం సామాన్యంగా నష్టమే. ఆమె ఆ నష్టాన్ని పెట్టుబడిగా మార్చుకుంది. పక్క భాషల స్త్రీలని తెలుగులోకి పిలుచుకొచ్చి వరసగా కూర్చోబెట్టింది. తనకి దొరకని తరగతి గదిని ఆమె అలా పుస్తకంలో కట్టుకుందని నాకు అనిపిస్తుంది.

ఖన గురించి రాయడం కూడా యాదృచ్ఛికం అనుకోను. ప్రచారంలో వున్న కథ ప్రకారం ఖన జ్యోతిషంలో మామ వరాహమిహిరుణ్ణి మించిపోతుంది, ఆ కారణానికే ఆమె నాలుక తెగిపోతుంది. విద్య వున్న స్త్రీ అత్తింట్లో ఏమవుతుంది అన్నది ఆ కథలోని భయం. అత్తింట్లోనే విద్య సంపాదించుకున్న అచ్చమాంబకి ఆ భయం పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసినది కాదు.

ఇక్కడ పక్కనే వున్న ఇంకో బాల్యాన్ని తల్చుకోకుండా వుండలేను. కోఠి నుంచి ఆబిడ్స్ మీదుగా నాంపల్లి వైపు నడిస్తే గోల్డెన్ త్రెషోల్డ్ వస్తుంది. సరోజినీ నాయుడు ఇల్లు. 1974లో ఏర్పడ్డ హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదట ఆ ఆవరణలోనే నడిచింది. సరోజిని 1879లో హైదరాబాద్‌లో పుట్టింది, అచ్చమాంబ కంటే ఐదేళ్ళు చిన్న. తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఎడింబరోలో డాక్టరేట్ పొందిన శాస్త్రవేత్త. కూతురు గణితంలోనో సైన్సులోనో పైకి రావాలని కోరుకున్నాడు. పన్నెండేళ్ళకి ఆమె మద్రాసు మెట్రిక్యులేషన్ పాసైంది. పదహారేళ్ళకి నిజాం స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండ్ వెళ్ళింది. 1898లో మద్రాసులో, తనకి నచ్చిన గోవిందరాజులు నాయుణ్ణి కులాంతర వివాహం చేసుకుంది. ఆ పెళ్ళి జరిపించింది మన వీరేశలింగమే. ఆమె మొదటి కవితా సంపుటం లండన్‌లో వచ్చింది 1905లో. అదే 1905 జనవరిలో అచ్చమాంబ ముప్పయ్యేళ్ళకే చనిపోయింది.

ఈ పోలికతో ఒకరిని ఎక్కువ, ఒకరిని తక్కువ చెయ్యాలని కాదు. సరోజినికి చదువు తండ్రి కూతురికి ఇచ్చిన ఆస్తి. తండ్రి చూపించిన దారి కాదని కవిత్వం వైపు వెళ్ళే స్వేచ్ఛ కూడా ఆ ఆస్తిలో భాగమే. అందుకే ఆమె కవిత్వంలో చదువు గురించిన బెంగ లేదు. బజారు, పల్లకీ, వసంతం, నగరం మీద వాలే సాయంత్రం వున్నాయి. పాడుకోవడానికి తీరిక వున్న బాల్యం అది. అచ్చమాంబకి చదువు ఎవరో వాడుకుంటున్న దీపం. ఆ దీపం పక్కన కూర్చున్నవాళ్ళు ముందు వాదించాలి, తనకీ హక్కు వుందని ఒప్పించాలి. ఆమె రచనలో కవిత్వం తక్కువ, వాదన ఎక్కువ అని విమర్శించేవాళ్ళు ఈ తేడా గమనించాలి.

ఇంతవరకు మెచ్చుకున్నాను. ఇబ్బంది పెట్టే విషయాలు కూడా చెప్పాలి. 'స్త్రీ విద్య'లో చదువు కావాలనేది భర్త. వద్దనేది భార్య. చదువు ప్రయోజనం కూడా భర్తకి ఉత్తరం రాయడం దగ్గరే మొదలవుతుంది. 'దంపతుల ప్రథమ కలహము' కలహంతో మొదలై సర్దుబాటుతో ముగుస్తుంది. గుణవతి అయిన భార్య అన్న ఆదర్శాన్ని ఆమె పూర్తిగా వదులుకోలేదు. నా సిద్ధాంత వ్యాసంలో దీన్ని 'సంస్కరణోద్యమ పరిమితి' అని ఒక్క మాటలో తేల్చేశాను. ఇప్పుడు అనిపిస్తుంది, ఆమె చూసిన ప్రపంచంలో పుస్తకం ఎప్పుడూ మగవాడి చేతిలోనే వుంది. తమ్ముడి చేతిలో, భర్త చేతిలో. కథలో కూడా అది అక్కడే వుంది. తనకి తెలిసిన దృశ్యాన్ని ఆమె దాటలేకపోయిందా, లేక తాళాలు వున్నవాళ్ళతోనే తలుపు తీయించాలని లెక్క వేసుకుందా? రెండూ వుండవచ్చు. కథల్లో కనపడనిది ఆమె పనిలో కనపడుతుంది. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం స్థాపించింది. ఆ తర్వాత తెలుగు ప్రాంతాలు తిరిగి స్త్రీల సభల్లో మాట్లాడింది, సమాజాలు పెట్టించింది. అక్కడ పుస్తకం ఒక స్త్రీ చేతిలోంచి ఇంకో స్త్రీ చేతిలోకి వెళ్ళింది. కథలో రాయలేకపోయిన దృశ్యాన్ని ఆమె మచిలీపట్నంలో జరిపించింది. ఇంకో పదేళ్ళు బతికివుంటే అది కథలోకి కూడా వచ్చేదేమో.

ఇంకో ప్రశ్న కులానికి సంబంధించింది. ఆ దీపం పక్కన కూర్చోవడానికైనా ఒక బ్రాహ్మణ ఉద్యోగి ఇల్లు కావాల్సి వచ్చింది. ఆ ఇంటి బట్టలు వుతికినవాళ్ళ, ఆ ఇంటికి కట్టెలు మోసినవాళ్ళ ఆడపిల్లలకి పక్కన కూర్చునే చోటు కూడా లేదు. కోఠిలో రెసిడెన్సీ భవనాల్లో వున్న మహిళా కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. భూమి కోసం దొరతో కలబడ్డ పాలకుర్తి ఐలమ్మ ఏ పుస్తకం పక్కనా కూర్చోలేదు. ఇవాళ ఆ గేటు లోపలికి పోయే ఆడపిల్లల్లో తమ ఇంట్లో మొదటగా చదువుకుంటున్నవాళ్ళు చాలామంది వున్నారు. వాళ్ళకి 'స్త్రీ విద్య' పాఠం చెప్పినప్పుడు, ఈ భార్యకి పని మనిషి వుందా మేడమ్ అని ఒక అమ్మాయి అడిగితే నేనేం చెప్తాను? కథలో లేదనే చెప్తాను. లేకపోవడం కూడా చదవాల్సిన విషయమే అని చెప్తాను.

మళ్ళీ నా వాక్యం దగ్గరికి వస్తాను. ఇప్పుడు రాస్తే ఇలా రాస్తాను. తండ్రి పోయాక, పదేళ్ళకే పెళ్ళి చేసి పంపిన అచ్చమాంబ ఇంట్లో తల్లీ తమ్ముడూ తలదాచుకున్నారు. ఆ ఇంట్లో తమ్ముడు చదువుకున్నాడు. అతని పుస్తకం పక్కన ఆమె కూడా చదువుకుంది. వాళ్ళిద్దరి చదువు వల్లా తెలుగు బాగుపడింది. ఈ వాక్యాల్లో ప్రోత్సాహం అన్న మాట లేదు. అవసరం అనిపించలేదు.

ఇలా రాయడం వల్ల లక్ష్మణరావుకి పోయేదేమీ లేదు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, ఆ తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్న మనిషికి, పుస్తకం అందనివాళ్ళకి అందించాలన్న తపన ఎక్కడ నుంచి వచ్చిందో మనం ఇంతవరకు సరిగ్గా అడగలేదు. తన పక్కన కూర్చుని, తన పుస్తకంలోకి తొంగి చూస్తూ నేర్చుకుంటున్న అక్కని రోజూ చూసిన పిల్లవాడికి ఆ తపన రావడంలో ఆశ్చర్యం ఏముంది? ఆయన బాల్యం ఆయన పనిని ఎలా తీర్చిదిద్దింది అని ఎవరైనా రాస్తే, అందులో మొదటి పేరు అచ్చమాంబది కావాలి.

పోయిన శ్రావణంలో అమ్మ సుల్తాన్ బజార్‌లో జాకెట్ గుడ్డలు కొనాలంటే వెంట వెళ్ళాను. పని అయ్యాక భాషానిలయానికి తీసుకెళ్ళాను. ఇన్నేళ్ళు కోఠిలో వుండి అమ్మ ఎప్పుడూ లోపలికి రాలేదు. "ఇక్కడికి నీ మామ వచ్చేటోడు" అంది. రీడింగ్ రూమ్‌లో ఒక బల్ల దగ్గర కూర్చున్నాం. నా సంచిలో వున్న 'స్త్రీ విద్య' జిరాక్స్ కాపీ తీసి, ఎవరికీ ఇబ్బంది కాకుండా చిన్న గొంతుతో చదివి వినిపించాను. పాత తెలుగు అయినా అమ్మకి ఎక్కడా అడ్డం రాలేదు. భార్య అభ్యంతరాలు చెప్తున్నప్పుడు అవునన్నట్టు తలూపింది. అయిపోయాక కాసేపు వూరుకుని, "మొగడు జైలుకు పోతెగాని పెండ్లానికి సదువు యాదికి రాలే" అంది. పక్క బల్ల మీద పేపరు చదువుతున్న ఆయన తలెత్తి చూశాడు.

నేను నవ్వాను గానీ అమ్మ నవ్వలేదు. నా చేతిలోంచి ఆ కాగితాలు తీసుకుంది. పొట్లం కాగితాలు సాపు చేసినట్టే అరచేత్తో ఒకసారి రాసి, చివరి పేజీ తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు.

"మరి ఆమె ఉత్తరం రాసిందా? ఏం రాసింది?" అంది.

"కథలో లేదమ్మా" అన్నాను.

"మిగిలింది నేనే అనుకుంట తియ్యి" అని కాగితాలు మడిచి తన సంచిలో, జాకెట్ గుడ్డల మధ్య పెట్టుకుంది.